అసిటోన్‌లో కరగని ముక్క

సుధామణి గారి షెడ్డుకీ నా కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఆటోనగర్‌లో పదకొండేళ్ళుగా పక్కపక్కనే పని చేసుకుంటున్నాం. నా పేరు గంగాప్రసాద్. నాది బళ్ళకి కరెంటు పని. లైట్లు, హారన్లు, వైరింగు చూస్తాను. ఆవిడది ప్లాస్టిక్కు పని. కారు బంపరు చిట్లినా, బస్సు ముందు భాగం పగిలినా, పాల వ్యాను తలుపు నెర్రెలిచ్చినా ఆవిడ దగ్గరికే తీసుకొస్తారు. కొత్తది వేయించుకునే స్తోమత లేనివాళ్ళూ వస్తారు, కొత్తది ఎక్కడా దొరకనివాళ్ళూ వస్తారు.

ఆవిడకి నలభై మూడేళ్ళు. సన్నగా పొడుగ్గా ఉంటుంది. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని పని చేస్తుంది. భర్త రామాంజనేయులు అదే వీధి చివర బస్సు సీట్లు కుడతాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈవిడ ఆయన పక్కన కూచుని దారాలు అందించేదట. ఒకరోజు ఎవరిదో పగిలిన బంపరు చూసి "ఇది నేను అతికిస్తాను" అందట. అందరూ నవ్వారట. అతికించి చూపించింది. అప్పట్నుంచీ అదే పని.

ఆ విద్య వాళ్ళ నాన్నది. బందరు అవతల సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊరు. ఆయన ఫైబరు పడవలకి మాట్లు వేసేవాడు. ఆవిడకి పన్నెండేళ్ళప్పుడు ఒక పడవ అడుక్కి మాటు వేశాడు. లోపల తడి పూర్తిగా ఆరలేదు. వేటకి పోయే టైమైపోతోందని పడవ వాళ్ళు తొందర పెట్టారు. పైకి నున్నగానే కనిపించింది. సముద్రం మధ్యలో ఆ మాటు లేచిపోయింది. అందులో ఉన్న ఆవిడ మేనమామ ఖాళీ డీజిలు డబ్బా పట్టుకుని ఒకటిన్నర రోజు నీళ్ళలో తేలుతూ ఉండి, వేరే పడవ వాళ్ళు చూస్తే బతికి బయటపడ్డాడు.

"మావయ్య వచ్చేదాకా మా నాన్న ఒడ్డునే కూచున్నాడండీ. అన్నం తినలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. తన చేతులు తనే చూసుకుంటూ కూచున్నాడు. నేను పక్కనే ఉన్నాను" అని ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అందుకనే కాబోలు, పని అయిపోయిన బండిని ఆవిడ ఒక పట్టాన ఇవ్వదు. నొక్కి చూస్తుంది, గోటితో గీకి చూస్తుంది, రెండు చేతులతో పట్టుకుని ఊపి చూస్తుంది. బండివాడు గేటు దాటాక కూడా వెనక నుంచి చూస్తూ నిలబడుతుంది. "బంపరే కదమ్మా, ఊడితే ఏమవుతుంది?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. ఆవిడ నవ్వేది కాదు.

పోయినేడాది మార్చి మొదట్లో తేజేశ్వర్ అనే కుర్రాడు ఒక క్యారవాన్ బండి తెచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. పెడనలో నేతపని చేసే కుటుంబం వాళ్ళది. భార్య జ్యోతిర్మయి కూడా వెంట వచ్చింది. వాళ్ళ మగ్గాల మీది చీరలు, దుప్పట్లు ఊరూరూ తిప్పి అమ్మాలని ఆ బండి కొన్నారు. సినిమా వాళ్ళ బస్సు లాంటిది కాదు. ఇంజను ఉండదు. జీపు వెనక తగిలించి లాక్కుపోయే రకం. ఎవరో విదేశాల నుంచి తెప్పించుకుని వాడి వదిలేస్తే చెన్నైలో పట్టుకున్నారు. లోపల మంచాలు తీసేసి చీరలకి అరలు కట్టించుకున్నారు. అంతా బాగానే ఉంది గాని, ముందువైపు గాలికి ఎదురుగా ఉండే పెద్ద ప్లాస్టిక్కు డొప్ప ఎండకి గుల్లబారి, అడ్డదిడ్డంగా పగుళ్ళిచ్చింది.

"రాజమండ్రిలో చేనేత ఎగ్జిబిషన్ ఉందండీ. శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలి. మూడు రోజుల్లో అయిపోతుందాండీ?" అన్నాడు తేజేశ్వర్.

సుధామణి గారు ఆ డొప్ప అంతా చేత్తో తడిమింది. కింది భాగంలో ఒక మూల రంగు గీకి, అసిటోన్‌లో ముంచిన గుడ్డతో రుద్దింది. అక్కడ ప్లాస్టిక్కు మెత్తబడి జిగురు జిగురుగా గుడ్డకి అంటుకుంది. "ఏబీఎస్సే. అతుకుతుంది" అంది.

దాని సంగతి నేను పక్కనుండి చూసీ చూసీ నేర్చుకున్నాను. ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్కు అసిటోన్‌లో కరుగుతుంది. ఆ ముక్కలే సీసాలో వేసి ఒక రాత్రి ఉంచితే చిక్కటి జావ అవుతుంది. పగులు చివర చిన్న బెజ్జం వేసి, అది ఇంకా పాకకుండా ఆపి, పగులు పొడుగునా గాడి తీసి, ఈ జావ పోస్తే అదీ ఇదీ కరిగి ఒకటే అయిపోతాయి. వెనక నుంచి వల గుడ్డ వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు. కానీ ప్లాస్టిక్కులన్నీ ఒక్కటి కావు. బకెట్లు, బంపర్లు చేసే పీపీ అనే రకం ఉంది. దానికి ఏ జావా పట్టదు, ఏ జిగురూ నిలవదు. వేడిగాలి పెట్టి, అదే రకం పుల్లని కరిగించి అతకాలి.

ఆ డొప్ప పై అంచున పాత మరలు వరసగా తుప్పు పట్టి ఉన్నాయి. పగుళ్ళు చాలావరకు ఆ బెజ్జాల నుంచే మొదలయ్యాయి. వాటిని తీసేసి కొత్త మరలు వేస్తానంది ఆవిడ.

"మరలు కనపడకుండా చెయ్యలేరాండీ? అక్కడే మా పేరు రాయించాలని" అన్నాడు తేజేశ్వర్.

ఆవిడ ఆ బెజ్జాల వరస మీద వేలు పెట్టి చూసింది. "సరే, బెజ్జాలు పూడ్చేసి అతికిస్తాను" అంది.

గురువారం సాయంత్రానికి పని అయిపోయింది. తెల్లగా మెరిసిపోతోంది బండి. శుక్రవారం పొద్దున్న ఏడింటికి దంపతులిద్దరూ వచ్చారు. జ్యోతిర్మయి కొబ్బరికాయ కొట్టింది. సుధామణి గారు అలవాటు ప్రకారం డొప్ప అంతా నొక్కి చూసింది. ఎక్కడా కదల్లేదు. జీపు కదిలి, బండి గేటు దాటి, మలుపు తిరిగేదాకా చూసి లోపలికెళ్ళింది.

ఇంకో అరగంటకి రేకు గోడ అవతల నుంచి ఏదో పగిలిన చప్పుడైంది. నేను వెళ్ళి చూశాను. నేలంతా గాజు పెంకులు, జావ. దాని మధ్య ఆవిడ గొంతుక్కూచుని ఉంది. చేతిలో వేలెడు పొడుగు ప్లాస్టిక్కు ముక్క.

"ఏమైందమ్మా?"

"ఇది కరగలేదండీ" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి నీళ్ళ బకెట్లో ఆ ముక్క వేసింది. ఏబీఎస్సయితే మునగాలి. తేలింది. చేత్తో ముంచింది. మళ్ళీ తేలింది. తీసి లైటరు వెలిగించి అంచుకి పెట్టింది. ఏబీఎస్సుకి వచ్చే నల్లటి పొగ రాలేదు. కొవ్వొత్తి ఆర్పినప్పుడు వచ్చే వాసన వచ్చింది.

"పై అంచు సాఫు చేస్తూ కోసిన ముక్క ఇది. మిగతా ముక్కలతో పాటు నిన్న సీసాలో వేశాను. అవన్నీ కరిగాయి, ఇది కరగలేదు. కింది డొప్ప ఏబీఎస్సు. పైది కాదు. ఇదివరకెవరో పైన విరిగితే పీపీ రేకు కోసి బిగించి రంగేశారు. నేను కింద చూసి ఊరుకున్నాను."

"అంటే?"

"అంటే ఆ పై రేకు దేనికీ అతుక్కోలేదండీ. రంగు మీద ఊరికే ఆని ఉంది. మరలు కూడా నేనే తీసేశాను."

హైవే మీద, గాలికి ఎదురుగా, మనిషి అంత పొడుగు రేకు. ఆవిడ అప్పటికే ఫోను చేస్తోంది. రింగవుతోంది, ఎత్తడంలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ రింగయింది. భార్య నంబరు మా దగ్గర లేదు. రామాంజనేయులు సీట్ల గుడ్డ కోసం ముందురోజే గుంటూరు వెళ్ళాడు. నేను నా మోటారు సైకిలు తీశాను. ఆవిడ వెనక కూచుంది. ముక్క ఇంకా గుప్పెట్లోనే ఉంది.

రామవరప్పాడు దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కున్నాం. నాలుగు నిమిషాలు ఉంటుందేమో. ఆ నాలుగు నిమిషాల్లో ఆవిడ పదిసార్లు ఫోను చేసింది. నేను అద్దంలో చూశాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. కాదు. "వాళ్ళు నెమ్మదిగానే పోతారు, నెమ్మదిగానే పోతారు" అని తనలో తను అనుకుంటోంది.

రోడ్డు తెరిపిచ్చాక ఎనభై మీద పోనిచ్చాను. ఎదురుగా తెల్లగా ఏం కనపడినా అదే అనుకునేవాళ్ళం. పాల వ్యాను. అంబులెన్సు. గన్నవరం దాటాక రోడ్డు వారన ఏదో తెల్లటి పలక పడి ఉంది. ఆవిడ నా భుజం మీద గోళ్ళు దిగేలా పట్టుకుని "ఆపండి, ఆపండి" అని అరిచింది. ఆపాను. దిగి పరిగెత్తింది. ఎవరో పారేసిన థర్మాకోలు. తిరిగొచ్చి ఎక్కి, పోనివ్వమని నా వీపు మీద తట్టింది.

టోల్‌గేటు దగ్గర ఒకతన్ని అడిగాం, జీపు వెనక తెల్లటి పెట్టెలాంటి బండి వెళ్ళిందా అని.

"ఆఁ, ఇప్పుడే. పావుగంట కూడా కాలేదు. ముందర ఏదో రేకు టపటప కొట్టుకుంటోంది. చెబుదామనుకునే లోపే వెళ్ళిపోయారు."

ఆ మాట విన్నాక నేను బండి స్టార్ట్ చెయ్యబోతే తాళం చేతికి దొరకలేదు. తాళం బండికే ఉంది.

"నూగు లేచిందండీ ప్రసాద్ గారూ" అంది ఆవిడ వెనక నుంచి. గాలిలో సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అంది. "పై అంచు సాండ్‌పేపరుతో రుద్దుతుంటే నూగు లేచింది. ఏబీఎస్సు పొడి రాలుతుంది, నూగు లేవదు. నాకు తెలుసు. చూశాను. చూసి కూడా, పాత రంగులే అని వదిలేశాను."

"ముందు రోడ్డు చూడండమ్మా" అన్నాను.

హనుమాన్ జంక్షన్ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా బళ్ళు నెమ్మదించాయి. లారీల మధ్య నుంచి దూరి ముందుకెళ్ళాను. రోడ్డుకి ఎడమ వైపున జనం. వాళ్ళ తలల మీదుగా తెల్లటి బండి కనపడింది. ముందు పై భాగం తెరుచుకుపోయి, లోపలి చెక్కలు, చీరల మూటలు కనిపిస్తున్నాయి.

రేకు లేదు.

మేం దిగి జనంలోకి తొంగి చూశాం. రోడ్డు అంచున ఒక మోపెడ్ పడి ఉంది. దాని పక్కన బుట్ట బోర్లాపడి చేపలు మట్టిలో దొర్లాయి. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. ఒక పెద్దావిడ నేల మీద కూచుని కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. నుదుటి మీద నెత్తురు. పక్కన ఇరవై అయిదేళ్ళ మనిషి తేజేశ్వర్ చొక్కా పట్టుకుని ఊపేస్తున్నాడు. అతని పేరు మాణిక్యం అనీ, ఆవిడ వాళ్ళమ్మ సంపూర్ణమ్మ అనీ తర్వాత తెలిసింది. కొల్లేరు చేపలు తెచ్చి జంక్షన్‌లో అమ్ముతారు. క్యారవాన్ వెనకే వస్తుంటే రేకు ఎగిరి వాళ్ళ మీదికొచ్చింది. మాణిక్యం తల వంచాడు. బండి పక్కకి పోయి పడింది. రేకు ఇద్దరి తలల మీదుగా పోయి పంటకాలవలో పడింది. జానెడు కిందికి వచ్చి ఉంటే ఏమయ్యేదో అక్కడున్న అందరికీ తెలుసు.

"నాకేం తెలీదండీ! నిన్ననే బాగుచేయించాను. నాకేం తెలీదు!" తేజేశ్వర్ ఏడుస్తున్నాడు. జ్యోతిర్మయి మధ్యలో దూరి "ఆయన్ని వదలండన్నా" అని బతిమాలుతోంది.

"ఎవడు బాగుచేశాడు? ఆడెవడో చెప్పు! ఆణ్ణి ఇక్కడికి రప్పించు, చెప్తాను!" అంటున్నాడు మాణిక్యం. చుట్టూ ఉన్న లారీవాళ్ళు, ఆటోవాళ్ళు "చెప్పు, చెప్పు" అంటున్నారు. ఒకడి చేతిలో జాకీ రాడ్డు ఉంది.

నేను సుధామణి గారి చెయ్యి పట్టుకున్నాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ ఆవిణ్ణి ముట్టుకోలేదు. "అమ్మా, ఇక్కడ మీరెవరో ఎవరికీ తెలీదు. వాళ్ళున్న కోపంలో కొట్టి చంపుతారు. పోలీసులొచ్చాక మెల్లిగా మాట్లాడదాం" అన్నాను.

ఈ మాట నేనన్నానని ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆవిడ నా వైపు చూసింది. ఆ కళ్ళల్లో ధైర్యం ఏమీ లేదు. కసాయి కొట్టు ముందు మేక కళ్ళల్లా ఉన్నాయి. చేతులు రెండూ వణుకుతున్నాయి. అలా వణుకుతూనే నా చెయ్యి విడిపించుకుని జనం మధ్యలోకి వెళ్ళింది.

"ఆ అబ్బాయిని వదిలెయ్యి బాబూ. బాగుచేసింది నేను" అంది.

ఎవరూ నమ్మలేదు. ఖాకీ చొక్కా వేసుకున్న ఆడమనిషి ఏదో మతి లేక మాట్లాడుతోందనుకున్నారు. ఆవిడ గుప్పెట విప్పి ఆ ముక్క చూపించింది. "ఆ రేకు ముక్కే ఇది. నేనే కోశాను. జిగురు పట్టని రకం. నేను చూసుకోలేదు. తెలిసి వెంటబడి వచ్చాం, అందుకోలేకపోయాం. తప్పు నాది."

మాణిక్యం తేజేశ్వర్ని వదిలి ఆవిడ మీదికి వచ్చాడు. చెయ్యి ఎత్తాడు. ఆవిడ వెనక్కి జరగలేదు. కళ్ళు మూసుకుంది. నేను ముందుకి దూకాలి. దూకలేదు.

"ఒరేయ్ మాణిక్యం!" కింద నుంచి సంపూర్ణమ్మ కేక వేసింది. "కొట్టుకోవడాలు తర్వాత, ముందు నన్ను లేపండ్రా! భుజం ఊడిపోతోంది ఇక్కడ!"

ఆ కేకతో జనం కదిలారు. మాణిక్యం చెయ్యి దించి వాళ్ళమ్మ వైపు పరిగెత్తాడు. సుధామణి గారు తన చీర చెంగు చింపి, విరిగిన వైపు చేతిని మెడకి వేలాడేలా కట్టింది. కడుతున్నప్పుడు మాత్రం ఆ చేతులు వణకలేదు. ఆటో వచ్చింది. సంపూర్ణమ్మ పక్కన కూచుని, గతుకు తగిలినప్పుడల్లా ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని ఆసుపత్రి దాకా తీసుకెళ్ళింది. నేను వెనకాల బండి మీద వెళ్ళాను.

ఎక్స్‌రే తీశారు. మెడకీ భుజానికీ మధ్య ఎముక విరిగింది. నుదుటికి నాలుగు కుట్లు. "తల బతికింది, అదృష్టం" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాకే సుధామణి గారు వరండాలోకి వచ్చి గోడకి జారబడి కూచుంది. వాంతి చేసుకుంది.

పోలీసులు వచ్చారు. ఆవిడ ఏదీ దాచకుండా చెప్పింది. నూగు లేచిన సంగతి కూడా చెప్పింది. రాసుకుంటున్న కానిస్టేబుల్ పెన్ను ఆపి, "అది ఎవరూ అడగలేదు కదమ్మా" అన్నాడు. "రాసుకోండి" అంది. కేసు పెడతారని మేమంతా వారం రోజులు భయపడ్డాం. స్టేషను నుంచి ఫోనొస్తే రామాంజనేయులు కుట్టు మిషను మీదే చెయ్యి ఆపేసేవాడు. చివరికి సంపూర్ణమ్మే వద్దంది. "పారిపోయినోళ్ళ మీద పెడతారు కేసులు. ఆవిడ ఎదురొచ్చింది కదా" అందట. మాణిక్యానికి మాత్రం చాలా రోజులు కోపం పోలేదు. సుధామణి గారు చూడ్డానికి వెళ్తే గడప బయటే నిలబెట్టేవాడు. ఆవిడ బయటే నిలబడి, సంపూర్ణమ్మ ఎలా ఉందో అడిగి, తెచ్చినవి ఇచ్చి వచ్చేసేది. రెండు నెలల పాటు ప్రతి ఆదివారం వెళ్ళింది.

తేజేశ్వర్ వాళ్ళ బండి టార్పాలిన్ కట్టుకుని వెనక్కి వచ్చింది. ఎగ్జిబిషన్ పోయింది. జ్యోతిర్మయి ఆవిడతో మాట్లాడలేదు. సుధామణి గారు ఆ డొప్ప మొత్తం విప్పేసి, వాళ్ళ నాన్న పడవలకి చేసినట్టే ఫైబరు గుడ్డ పొరలు పొరలుగా వేసి కొత్తది చేసింది. చుట్టూ బోల్టులు బిగించింది. పైకి కనపడేలా, పెద్దవి. తేజేశ్వర్ వాటిని లెక్కపెట్టుకున్నాడు.

ఆ తర్వాత షెడ్డు మూసేసింది. ఇరవై రోజులు. తలుపు దగ్గరికి వేసుకుని లోపల కూచునేది. నేను టీ పట్టుకెళ్తే తాగేది. "ఎక్కడెక్కడ తిరుగుతున్నాయోనండీ" అనేది. ఏమిటని అడిగితే, తను అతికించిన బళ్ళు. పదకొండేళ్ళలో ఎన్నో. ఏ బస్సు హారన్ వినపడినా ఉలిక్కిపడేది. ఒకరోజు నోటుబుక్కు తెరిచి, ఫోను నంబర్లున్న వాళ్ళందరికీ ఫోను చేయడం మొదలుపెట్టింది. "నేను అతికించింది గట్టిగా ఉందాండీ? ఒకసారి లాగి చూస్తారాండీ?" కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. ఒకాయన "ఏం, డబ్బులేమైనా కావాలా?" అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. రమ్మని బతిమాలింది. ముప్ఫై ఒక్క బళ్ళు తిరిగి వచ్చాయి. ఒక స్కూలు బస్సు పైకప్పు కిటికీ మూత చేత్తో లాగితే ఊడి వచ్చింది. మిగతా ముప్ఫై గట్టిగానే ఉన్నాయి. కానీ ఆవిడ ఆ ఒక్కటే చూసింది. ఆ మూత చేతిలో పట్టుకుని, దాని కింద పిల్లలు కూచునే సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. డ్రైవరు "ఏమైందండీ" అని నన్ను అడిగాడు.

మెల్లిగా పనిలో పడింది. ఇప్పుడు ఏ బండి వచ్చినా అతుకుకి ఇటొకటి అటొకటి రెండు చోట్ల గీకి ముక్కలు తీస్తుంది. రెండింటినీ నీళ్ళలో వేస్తుంది, కాలుస్తుంది, అసిటోన్‌లో వేసి మర్నాటిదాకా చూస్తుంది. ఇవాళే కావాలన్న వాళ్ళని పంపించేస్తుంది. పని తగ్గింది.

ఈ ఏడాది ఉగాదికి ముందు తేజేశ్వర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వెనకవైపు డొప్ప. లైట్ల కింద జానెడు పగులు.

ఆవిడ చూడను కూడా చూడలేదు. "నేను చెయ్యను బాబూ. ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళు" అంది.

"ఇంకెవరైనా అయితే తప్పు జరిగినా చెప్పరండీ" అన్నాడు తేజేశ్వర్. "మా ఆవిడ కూడా మీ దగ్గరికే వెళ్ళమంది."

నాలుగు రోజులు పట్టింది ఆ జానెడు పగులుకి. నాలుగో రోజు సాయంత్రం ఆవిడ నా కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"ప్రసాద్ గారూ, బండి తీస్తారా? తేజేశ్వర్ని గన్నవరం దాకా ఎనభై మీద పోనివ్వమన్నాను. మనం వెనక పోదాం."

"వెనకా?"

"వెనకే. దగ్గరగా."

వద్దని చెప్పాలనుకున్నాను. ఆ రేకు తలల మీదుగా పోయిన సంగతి నాకు గుర్తే. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. కానీ నేను రానంటే ఆవిడ వేరే ఎవరి వెనకైనా ఎక్కుతుంది. హెల్మెట్లు రెండు తెచ్చాను. ఆవిడ పెట్టుకుంది. మెడ కింద బకిల్ పెట్టుకోవడం చేతకాలేదు. నేను పెట్టాను.

హైవే ఎక్కాక తేజేశ్వర్ వేగం పెంచాడు. తెల్లటి బండి వెనక పది అడుగుల దూరంలో మేము. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే సాయంత్రపు ఎండకి డొప్ప మీది కొత్త రంగు మెరుస్తోంది. నేను మీటరు చూడటం మానేసి ఆ అతుకే చూస్తున్నాను. ఆవిడ నా వెనక నుంచి పక్కకి వంగి, తల బయటికి పెట్టి చూస్తోంది. చెయ్యి నా భుజం మీద ఉంది. గోళ్ళు దిగుతున్నాయి.

గన్నవరంలో తేజేశ్వర్ బండి పక్కకి ఆపాడు. ఆవిడ దిగి అతుకు మీద గోరు పెట్టి గీసింది. కదల్లేదు. లాగింది. కదల్లేదు. తేజేశ్వర్ సంతోషంగా ఏదో అనబోయాడు.

"ఇంకోసారి పోదాం బాబూ" అంది ఆవిడ. "ఈసారి తొంభై మీద."